ఇర్మా తిరిగివ్వని తుపాకులు

అక్టోబరు వచ్చిందంటే ఇర్మా హౌతలా దుకాణంలో కుర్చీ ఖాళీ ఉండదు. నవంబరు నడిమికి జింకల వేట మొదలవుతుంది. అటకల మీంచీ, మంచాల కిందనుంచీ, ట్రక్కుల వెనక సీట్లలోంచీ ఏడాదంతా నిద్రపోయిన తుపాకులు ఒక్కొక్కటే ఆమె బల్ల మీదికి చేరతాయి. ప్రతి తుపాకీ వెంటా ఒక ప్రశ్న కూడా వస్తుంది. ముప్పై ఏళ్లుగా తుపాకులు మారాయి గానీ ప్రశ్నలు మాత్రం మారలేదని ఇర్మా నవ్వేది.

"మా తాత యుద్ధంనుంచి తెచ్చిన రైఫిలండీ. ఇందులో ఇప్పటి తూటాలు పేల్చొచ్చా?"

"మీ తాతని అడక్కపోయావా?"

"ఆయన పోయారండీ."

"దీన్ని పేల్చేనా?"

కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఘొల్లున నవ్వారు. ఇర్మా నవ్వలేదు. గొట్టంలోకి దీపం వేసి చూస్తూ, "లోపలికి పట్టినంత మాత్రాన తగిన తూటా అయిపోదు నాయనా. ఇక్కడ పెట్టి వెళ్లు. చూసి చెప్తాను," అంది.

ఇంకొకడు తూటాలు ఇంట్లోనే నింపుకునే సరదాపరుడు. "తుపాకిమందు చిటికెడు ఎక్కువ పోస్తే ఇంకా దూరం పోతుంది కదా ఇర్మాగారూ?"

"పోతుంది. తూటా అటు, నీ దవడ ఇటు."

మరొకడికి సైలెన్సర్ మోజు. సినిమాలోలా గాలి ఊదినంత చప్పుడే వస్తుందా అని అతని అనుమానం. "రాదు," అంది ఇర్మా. "చెవులకి ఏదీ పెట్టుకోకుండా పేల్చి చూడు. ఆ తర్వాత మీ ఆవిడ కేకలు కూడా నీకు వినపడవు."

"అదేదో బాగానే ఉందండీ!"

అందరూ అడిగే మార్పు ఒకటుంది. ట్రిగ్గర్ తేలిక చెయ్యమంటారు. వేలు తగిలీ తగలకముందే పేలాలి వాళ్లకి. ఆ మాట వింటే ఇర్మా కళ్లద్దాలు పైకి నెట్టి అడిగినవాడి మొహంలోకి చూసేది. చాలామందికి కాదని చెప్పి పంపేసేది.

ఆమె తండ్రి రాగిగనిలో యంత్రాలు బాగుచేసే పనివాడు. గని మూతపడ్డాక ఊళ్లో మగవాళ్లు సగంమంది కార్ల ఫ్యాక్టరీలు వెతుక్కుంటూ డెట్రాయిట్ వెళ్లిపోయారు. ఇర్మా అన్నలు కూడా ఆ సగంలోనే ఉన్నారు. తండ్రి మాత్రం కదల్లేదు. ఇంటి వెనక కట్టెలు దాచుకునే షెడ్డులో బల్ల వేసుకుని తుపాకులు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఆకురాయి పట్టడం కూతురికి అక్కడే నేర్పాడు. ఆయన పోయాక అదే షెడ్డుకి గాజు తలుపు పెట్టించి ఇర్మా దుకాణం చేసింది. పెళ్లి చేసుకుంది, భర్త పోయాడు, పిల్లలు లేరు. చలికాలంలో సరస్సు మీదనుంచి వచ్చే మంచు కిటికీ సగం దాకా పేరుకుపోయేది. ఆ మిగిలిన సగంలోంచి పడే వెలుతురులోనే ఆమె పని సాగేది.

అన్ని ప్రశ్నల వాళ్లూ ఒక ఎత్తు, విల్హో పెల్కొనెన్ ఒక్కడూ ఒక ఎత్తు. సరస్సు మీద ఇనప ఖనిజం మోసే ఓడల్లో, ఇంజన్ గదిలో పనిచేసి రిటైరైనవాడు. మనిషి పొడవు, మాట ఇంకా పొడవు. ఇర్మా, అతనూ ఒకే బడిలో చదివారు. భార్య సిల్వియా బతికుండగా వారానికొకసారి వచ్చేవాడు, ఆవిడ పోయాక రెండ్రోజులకోసారి రావడం మొదలుపెట్టాడు. వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న తెచ్చేవాడు. గడ్డకట్టే చలిలో తూటా ఎందుకు కిందికి పోతుంది? ఇత్తడి డొప్పని ఎన్నిసార్లు నింపితే మెడ దగ్గర చీలుతుంది? ఏ నూనె చిక్కబడదు? జవాబు చెబితే దాని మీద ఇంకో ప్రశ్న వేసేవాడు. ఇంట్లో బల్ల, తూకం, మందు డబ్బాలు అన్నీ పెట్టుకుని సొంతంగా తూటాలు నింపేవాడు. వాటిలో పదోవంతు కూడా పేల్చేవాడు కాదు. జింకని కొట్టి ఎన్నేళ్లయిందో అతనికే తెలీదు.

"ఒరేయ్ విల్హో, నీకు వేటకంటే వేట గురించి వాగడం ఇష్టంరా," అనేవాళ్లు కుర్చీల్లో వాళ్లు.

"మీకు వాగడంకంటే ఇర్మా కాఫీ ఇష్టం. డబ్బిచ్చి తాగేది ఎవడర్రా మీలో?" అని అతనూ అంటించేవాడు.

ఒక ఏడు అక్టోబరులో ఒక మధ్యాహ్నం విల్హో దుకాణానికి వచ్చాడు. కుర్చీల్లో ఎవరూ లేరు. బయట మంచు పడదామా వద్దా అన్నట్టుంది. టోపీ తియ్యకుండానే కోటు జేబులోంచి గుడ్డలో చుట్టిన రివాల్వర్ తీసి బల్ల మీద పెట్టాడు.

"దీని ట్రిగ్గర్ తేలిక చెయ్యాలి," అన్నాడు.

ఇర్మా వేళాకోళమనుకుంది. తేలిక ట్రిగ్గర్లు తెలివితక్కువ వాళ్లకని ఇదే దుకాణంలో అందరికీ పాఠం చెప్పినవాడు అతనే. "ఏం, ఎవరితోనైనా పందెం కాశావా?"

"వేళ్లలో బలం తగ్గింది. లాగలేకపోతున్నాను."

కుడి చెయ్యి కోటు జేబులో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎంత తేలిక కావాలి?"

"నీ ఇష్టం."

ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. విల్హో పెల్కొనెన్ నీ ఇష్టం అనడం ఆమె ఎరగదు. స్ప్రింగ్ మారుస్తావా, ఉన్నదాన్నే అరగదీస్తావా, తూటా అడుగుని కొట్టే గుర్రం దెబ్బ తగ్గితే అది పేలకుండా ఉండిపోదా అని గంటసేపు బుర్ర తినెయ్యాల్సిన మనిషి. కాఫీ పోస్తానంటే వద్దన్నాడు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "మందు డబ్బాలూ, నింపుకునే బల్లా నీకే ఇచ్చేద్దామనుకుంటున్నాను. ట్రక్కులో ఉన్నాయి. దింపనా?" అన్నాడు.

"అవెందుకు ఇచ్చేస్తున్నావు?"

"చోటు పట్టేస్తున్నాయి."

ఆ ఇంట్లో అతనొక్కడే ఉంటాడు. కావలసినంత చోటుంది. ఇద్దరూ కలిసి డబ్బాలు దింపారు. ఒక డబ్బా అతని కుడిచేతిలోంచి జారి నేలమీద పడింది. తియ్యబోయిన చెయ్యి గాలివాటుకి ఊగే కొమ్మలా వణికింది. చటుక్కున మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

ట్రక్కు వెళ్లిపోయింది. ఇర్మా లోపలికొచ్చి రివాల్వర్ తెరిచి చూసింది. ఆరు గదులూ ఖాళీయే. గొట్టం అద్దంలా మెరుస్తోంది, ఎక్కడా ఏ లోపమూ లేదు. దాన్ని చూస్తున్నకొద్దీ ఆమెకి భయం పట్టుకుంది. భర్త చచ్చిపోయిన రోజు కూడా ఆమెకి అలా అనిపించలేదు. ఆ చావు వచ్చేదాకా చప్పుడు చెయ్యలేదు. ఈ చావు గుమ్మంలో నిలబడి ఉంది.

రివాల్వర్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది.

డ్వేన్ కోస్కెలా ఆమెకి పినతండ్రి మనవడు, షెరీఫ్ దగ్గర డిప్యూటీగా పోలీసు పని చేస్తాడు. మర్నాడు పొద్దున్న అతను మాంసం కూరిన పేస్టీ రొట్టె తింటుండగా వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"ఒక మనిషి తుపాకీ బాగుచెయ్యమని నాకిచ్చాడు. నేను తిరిగివ్వకపోతే ఏమవుతుంది?"

"ఎవరత్తా?"

"ఎవరైతేనేం."

"అతను అడిగేదాకా ఏమీ అవదు. అడిగాక కూడా ఇవ్వకపోతే దొంగతనమే." డ్వేన్ నమలడం ఆపాడు. "విల్హోనా? పెట్రోలు బంకు దగ్గర వాళ్ల కుక్కని ఎవరికో ఇచ్చేస్తూ కనిపించాడు."

"కుక్కనా?"

"మంచి కుక్కే. ముసలిది కూడా కాదు. నేను ఇంటికెళ్లి అడగొచ్చత్తా. బాగానే ఉన్నానంటాడు. బాగానే ఉన్నానన్నవాణ్ని నేను ఆస్పత్రికి లాక్కెళ్లలేను."

"నువ్వు వెళ్లకు. యూనిఫాం చూస్తే తలుపు మూసేస్తాడు," అని లేచింది ఇర్మా.

ఆమెకి అబద్ధం ఆడటం చేతకాదు. గొట్టం పాడైతే పాడైందని, బాగుంటే బాగుందని చెప్పే మనిషి. అలాంటిది ఆ రోజునుంచి వరసగా అబద్ధాలు మొదలుపెట్టింది. విల్హో వస్తే, "స్ప్రింగ్ కోసం ఆర్డరు పెట్టాను, రాలేదు," అంది. మళ్లీ వస్తే, "వచ్చింది గానీ కొలత తప్పు పంపారు," అంది. ఊరికే ఆపితే సరిపోదని ఆమెకి తెలుసు. అతని ఇంట్లో బీరువాలో ఇంకా ఏమేం ఉన్నాయో ఆమెకి కంఠతా వచ్చు. ఒక్కోదానికీ గొట్టం తుడిచిన మనిషి ఆమే.

"నీ పెద్ద రైఫిల్ ఉంది చూడు, ఆ రకానికి తూటాని పేల్చే పిన్ను విరుగుతోందని అంటున్నారు. పట్టుకురా, చూస్తాను."

తెచ్చాడు. పిన్ను ఎందుకు విరుగుతోంది, ఎక్కడ విరుగుతోంది అని ఒక్క ముక్క అడగలేదు. అడిగితే ఇర్మా దగ్గర జవాబు కూడా లేదు. అతను అలా ఏమీ అడక్కుండా తుపాకీ చేతిలో పెట్టేస్తుంటే ఆమెకి ఇంకా భయమేసేది.

ఉడతల్ని కొట్టే చిన్న తుపాకీకి చెక్క బీటలిచ్చిందని చెప్పింది. సిల్వియా వాడిన బాతుల వేట షాట్‌గన్‌ని ఆవిడ జ్ఞాపకంగా మెరుగుపెడతానంది. అతను తల ఊపాడు. ఒకటి తర్వాత ఒకటి ఇనప్పెట్టెలోకి చేరాయి. రాత్రి పడుకునేటప్పుడు తాళంచెవి దిండు కింద పెట్టుకునేది. చీకట్లో రోడ్డు మీద ఏ ట్రక్కు చప్పుడైనా లేచి కూర్చునేది. ఒకవేళ తను పొరబడిందేమో, మతిపోయి పరాయివాడి సొమ్ము దాస్తోందేమో అని కూడా అనుకునేది. మళ్లీ ఆ చెయ్యీ, ఆ కుక్కా గుర్తొచ్చేవి.

వేట మొదలయ్యే ముందురోజు ఊరంతా వేటగాళ్ల నారింజరంగు కోట్లతో నిండిపోయింది. మర్నాడు బడికి సెలవు. ఇర్మా దుకాణంలో కాలుపెట్టే సందు లేదు. తీసుకునేవాళ్లు తీసుకుంటున్నారు, ఆఖరినిమిషం వాళ్లు తుపాకీ మీది దూరదర్శిని సరిచెయ్యమని గోలపెడుతున్నారు. ఆ గోలలో విల్హో వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు. కోటు అతనికి ఒక కొలత పెద్దదైపోయినట్టుంది. ఒక్కొక్కరూ వెళ్లిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

చివరివాడు తలుపు మూసుకుని వెళ్లాడు. పొయ్యిలో కట్టె చిటపటమంటోంది.

"రేపు వేట," అన్నాడు విల్హో.

"తెలుసు."

"నా రైఫిల్ ఇవ్వు."

"పిన్ను ఇంకా..."

"పిన్నుకేమీ కాలేదు ఇర్మా. ఓడ ఇంజన్లు బాగుచేసినవాణ్ని. నాకు తెలీదా?" గొంతు పెంచలేదు. "నా ఇంట్లో ఉన్నవన్నీ నీ దగ్గరే ఉన్నాయి. నన్ను చిన్నపిల్లాణ్ని చేసి ఆడిస్తున్నావు. అవి నావి. తాళం తియ్యి."

ఇర్మా బల్ల వెనకనుంచి రాలేదు. తాళంచెవి ఏప్రన్ జేబులో తొడకి గుచ్చుకుంటోంది. ఎన్నిరోజులుగానో అద్దం ముందు నిలబడి సాధన చేసిన మాటలన్నీ ఎటో పోయాయి.

"చచ్చిపోదామనుకుంటున్నావా?" అంది.

అతను కిటికీ వైపు చూశాడు. మంచు సన్నగా పడుతోంది. అవతల రోడ్డు మీద ట్రక్కులు వరసగా అడవి వైపు వెళ్తున్నాయి. 

"నీకెవరు చెప్పారు?" అన్నాడు చివరికి.

"నువ్వే. ట్రిగ్గర్ తేలిక చెయ్యమని, ఎంత అంటే నీ ఇష్టం అన్నావు చూడు, అప్పుడే."

విల్హో కుర్చీలో కూలబడ్డాడు. జేబులోంచి కుడిచెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. దాచడానికి ఇంక ఓపిక లేనట్టు. చెయ్యి తన దారిన తను వణుకుతోంది.

"ఈ వణుకే మా నాన్నకీ వచ్చింది. ఆఖరికి ఆయనకి చెంచాతో తినిపించాం. మూతి తుడిచేవాళ్లం. నాకు తినిపించేవాళ్లెవరు? సిల్వియా లేదు. నీకేం తెలుసు ఇర్మా, పొద్దున్న బొత్తాలు పెట్టుకోడానికి ఎంతసేపు పడుతోందో."

"డాక్టరేమన్నాడు?"

"నేను చూపించుకోలేదు."

"చూపించుకోకుండానే చచ్చిపోతావా సన్నాసీ?" ఆమెకి కోపం తన్నుకొచ్చింది. కళ్లలో నీళ్లు కూడా. "బొత్తాలు పెట్టడానికి రానంటానా నేను? ఒక్కసారి అడిగావా?"

"ఆడదానివి, నీతో బొత్తాలు పెట్టించుకుంటానా?"

"చావడానికి మాత్రం నా చేత ట్రిగ్గర్ తేలిక చేయించుకుంటావు!"

విల్హో మొహంలో ఏదో కదిలింది. నవ్వో ఏడుపో ఇర్మాకి అర్థం కాలేదు. తర్వాత తల వంచుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. ఆమె దగ్గరికి వెళ్లి పక్క కుర్చీలో కూర్చుంది. ఒంటిమీద చెయ్యి వెయ్యలేదు. అతనికది నచ్చదని తెలుసు. ఆ సాయంత్రం అతనికి తన ఇంటి ముందుగదిలోనే పక్క వేసి డ్వేన్‌కి కబురు చేసింది. డ్వేన్ యూనిఫాం విప్పేసి వచ్చి పేకముక్కలు పంచాడు.

వేట మొదలైన పొద్దున ఊరు ఊరంతా అడవిలో ఉంటే వాళ్లిద్దరూ మార్క్వెట్ పట్నంలోని ఆస్పత్రికి బయల్దేరారు. దారి పొడుగునా చెట్ల వెనకనుంచి దూరంగా పేలుళ్లు వినపడుతూనే ఉన్నాయి. ఒక్కొక్క పేలుడికీ స్టీరింగ్ మీద ఇర్మా వేళ్లు బిగుసుకున్నాయి. విల్హో కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్ర మాత్రం పోలేదు.

డాక్టరు చెప్పింది అతను భయపడిందే. నయం కాదు గానీ మందులతో నెమ్మదిస్తుందన్నాడు. ఇంకో డాక్టరు, మనసు జబ్బులు చూసే అమ్మాయి, విల్హోతో తలుపు మూసుకుని చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చాక ఇర్మాని పక్కకి పిలిచి, "తుపాకులు మీ దగ్గరే ఉండనివ్వండి," అంది.

ఉండిపోయాయి. కాగితాలేమీ రాసుకోలేదు. అతనూ అడగలేదు, ఆమె కూడా తెచ్చి ఇవ్వలేదు. మందులు పనిచేశాయి, కొన్నాళ్లు మానేశాయి, మళ్లీ పనిచేశాయి. శనివారాల్లో ఇర్మా పాల రొట్టె కాల్చి తీసుకెళ్లేది. విల్హో పెరట్లోని సౌనా గదిని వేడిచేసి ఉంచేవాడు. ముందు ఆమె, తర్వాత అతను ఆవిరి స్నానం చేసి, వంటింట్లో కాఫీ తాగేవాళ్లు. అతని కప్పులో ఇర్మా సగమే పోసేది, వణికినా ఒలకకుండా. బొత్తాల చొక్కాలన్నిటికీ ఆమే బొత్తాల చోట నొక్కితే అతుక్కునే పట్టీలు కుట్టిపెట్టింది. బాగా ఉన్న రోజుల్లో అతను ఓడల కథలు చెప్పేవాడు. బాగాలేని రోజుల్లో పలకరిస్తే విసుక్కునేవాడు. అలాంటి రోజు ఇంటికొచ్చాక ఇర్మా ఫోను పక్కనే కూర్చునేది. అది మోగితే భయం. మోగకపోతే అంతకన్నా భయం. ఆ భయం ఎప్పుడూ పూర్తిగా వదల్లేదు. దానితోనే అన్నం తినడం, దానితోనే పని చెయ్యడం అలవాటు చేసుకుంది.

అలా మూడేళ్లు గడిచాయి. నాలుగో చలికాలంలో విల్హో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి మార్క్వెట్ ఆస్పత్రిలో పోయాడు. మంచం మీద, శుభ్రమైన దుప్పటి కింద, ఇర్మా పక్కన ఉండగానే పోయాడు. ఆమె ఆ రాత్రి చాలా రోజులకి గాఢంగా నిద్రపోయింది. అందుకు సిగ్గుపడింది కూడా.

మంచు కరిగాక గ్రీన్ బే నుంచి విల్హో మేనకోడలు డార్లా ఇల్లు ఖాళీ చెయ్యడానికి వచ్చింది. ఇర్మా సాయం వెళ్లింది. వంటిల్లు, పడగ్గది అయ్యాక పెరట్లో సౌనా దగ్గరికి వచ్చారు. బట్టలు మార్చుకునే ముందుగదిలో బెంచీ ఉంది. బెంచీ వెనక గోడకి కట్టెలు పేర్చి ఉన్నాయి. ఇల్లు కొన్నవాళ్లకి కట్టెలు పనికొస్తాయి, వదిలేద్దామంది ఇర్మా. డార్లాకి శుభ్రం పిచ్చి, ఎలకలుంటాయని ఒక్కొక్కటే తీసి బయటికి విసురుతోంది.

"ఇదేంటండీ?" అంది ఉన్నట్టుండి.

కట్టెల వెనక, గోడకి నిలబెట్టి ఒక షాట్‌గన్ ఉంది. ఒంటిగొట్టం పాతది. ఇర్మా ఎన్నడూ చూడనిది. ఏ ఓడమీదో, ఏ రేవులోనో కొన్నదై ఉండాలి.

"ముట్టుకోకు," అంది ఇర్మా. "వెనక్కి జరుగు."

గొట్టం గోడవైపు తిప్పి పట్టుకుని మెల్లగా తెరిచింది. ఆవిరికి తుప్పుపట్టి కీలు కిర్రుమంది. లోపల తూటా ఉంది. దాని ఇత్తడి అంచు ఆకుపచ్చగా చిలుం పట్టి గొట్టానికి అతుక్కుపోయింది. అది నిన్నా మొన్నా పెట్టింది కాదు. కొన్ని చలికాలాలు చూసిన తూటా.

"మావయ్య ఇక్కడెందుకు పెట్టాడు? దొంగల భయమా?" అంది డార్లా.

ఇర్మా గోడ వైపు చూసింది. ప్రతి శనివారం తను తువ్వాలు తగిలించిన మేకు ఆ కట్టెలకి చేతికందే దూరంలో ఉంది. ఈ బెంచీ మీదే కూర్చుని బూట్లు విప్పుకునేది. తను ఇంటికి వెళ్లిపోయాక అతను ఇక్కడికొచ్చి ఒంటరిగా కూర్చునేవాడు. ఎన్ని శనివారాలు ఆ కట్టెల వైపు చూసి ఉంటాడో, ఎన్నిసార్లు చెయ్యి చాచి ఉంటాడో, లేక పెట్టిన సంగతే మర్చిపోయాడో చెప్పే మనిషి లేడు.

బెంచీ మీద కూర్చుండిపోయింది. తెరిచిన తుపాకీ ఒళ్లో ఉంది. డార్లా కంగారుపడి మంచినీళ్లకి ఇంట్లోకి పరిగెత్తింది. ఇర్మా ఎప్పుడూ జేబులో ఉంచుకునే చిన్న ఇత్తడి కడ్డీ తీసి, అంచు కింద దూర్చి, అతుక్కున్న ఆ తూటాని మెల్లగా, చాలా మెల్లగా బయటికి పెల్లగించడం మొదలుపెట్టింది.